రెండు మూపురాల గీత

ఒంటె లేచింది.

గోడంత తెర మీద ఊరి నీళ్ళన్నీ గీతలై కదులుతుంటాయి. ఏ ట్యాంకు ఎంత నిండింది, ఏ వీధిలో ఏ పంపు తిరుగుతోంది, ఏ ఇంట్లో ఎవరు కుళాయి విప్పారు, అన్నీ అక్కడే. ఆ గీతల్లో ఒకటి రోజూ పొద్దున పైకి లేచి, కిందికి దిగి, మళ్ళీ లేచి, ఆ తర్వాత చల్లగా పడుకుంటుంది. రెండు మూపురాలు, మధ్యలో పల్లం. నీళ్ళ ఆఫీసు కంట్రోల్ రూములో దానికి ఒంటె అని పేరు పెట్టారు. ఆ ఒంటె, అక్కడ డ్యూటీ చేసే ఆమె మొగుడు.

మొగుడు పోయి నెలలైంది. ఒంటె మాత్రం ఠంచనుగా లేస్తూనే ఉంది.

ఆమె కుర్చీ అంచుకు జరిగి, గీత పూర్తిగా పడుకునేదాకా చూసి, వెనక్కి జారగిలబడింది. ఇక షిఫ్టు అయిపోయేదాకా పని చేసేది చేతులే. మనిషి అక్కడ ఉన్నట్టే ఉంటుంది, పిలిస్తే పలుకుతుంది, ఎవరైనా నవ్వితే నవ్వుతుంది కూడా. లోపల మాత్రం ఎవరూ లేరు.

ఒకరింటి నీళ్ళు ఇంకొకరు చూడకూడదని ఆఫీసులో రూలుంది. రూలు గోడకు అంటించే ఉంది. గోడకు అంటించినవి ఎవరు చదివారు గనక! పెళ్ళైన కొత్తలో ఆమె తమ ఇంటి గీతను ఓ మూలకు తెచ్చిపెట్టుకుంది. పొద్దున్నే తన స్నానం కానిచ్చుకుని ఆమె డ్యూటీకి వచ్చేస్తే, మొగుడు తీరిగ్గా లేచి అదే స్నానాల గదిలోకి దూరేవాడు. ఇక్కడ మొదటి మూపురం లేవగానే ఆమె ఫోను తీసి "లేచారా మహారాజా?" అని మెసేజి కొట్టేది. పక్క కుర్చీలో కూర్చునే పంపు బాబాయి తొంగి చూసి, "ఏమ్మా, మీ ఒంటె లేచిందా?" అనేవాడు. పేరు పెట్టింది ఆయనే. పంపుల మధ్యనే జుట్టు నెరిసిన మనిషి, నోరు ఊరుకోదు. "మధ్యలో ఆ పల్లం ఏంటమ్మా, స్నానం చేస్తూ చేస్తూ నిద్రపోతాడా?" అని వేళాకోళం. ఆమె ఆ మాట మొగుడికి చెబితే, మొగుడు తల్లికి చెప్పి, ముగ్గురూ పడీపడీ నవ్వుకున్నారు. "అమ్మా, ఇంట్లో నువ్వు కాపలా, ఆఫీసులో నీ కోడలు కాపలా. స్నానం మానేసినా దొరికిపోతా" అనేవాడు.

అతను కరెంటు బస్సుల డిపోలో చార్జింగు మెకానిక్కు. ఓ మధ్యాహ్నం భోజనం చేసి చెయ్యి కడుక్కుంటూ కూలబడ్డాడు. అంబులెన్సుకు దారి పొడుగునా పచ్చలైట్లే పడ్డాయి. ఊరు అంత తెలివైంది, ఒక్క కూడలిలో కూడా ఆపలేదు. ఇంత తెలివీ దేనికి పనికొచ్చింది? వెళ్ళేసరికే అయిపోయింది.

చుట్టాలు వచ్చారు, ఏడ్చారు, వెళ్ళారు. ఆమె ఏడవలేదు. ఏడవకూడదని కాదు, రాలేదు. కింది అంతస్తు ఆవిడ మెట్ల దగ్గర నిలబడి "కంట్లో చుక్క లేదమ్మా, మనిషా రాయా" అని గట్టిగానే అంది. వినపడాలనే అంది. ఆమె విన్నది కూడా. ఒక్క ముల్లు గుచ్చుకోలేదు. ఎవరి గురించో అంటున్నట్టుంది.

మళ్ళీ డ్యూటీలో చేరిన రోజు, ఆమె తెర వైపు చూడకుండానే కూర్చుంది. పంపు బాబాయి టీ తెచ్చి పెట్టాడు. టీ తాగుతూ పొరపాటున తలెత్తితే ఒంటె లేస్తోంది.

గుండె ఆగిందనో గ్లాసు జారిందనో చెబితే బాగుంటుంది. అదేం జరగలేదు. ఆమె టీ మొత్తం తాగింది. తర్వాత, "ఓహో, కాకిలెక్క" అనుకుంది.

కాకిలెక్క అంటే చెప్పాలి. మీటర్లు కూడా మనుషుల్లాంటివే, ఒక్కోసారి మొండికేసి పలకవు. అలాంటప్పుడు ఖాళీ వదలడం మిషనుకు నామోషీ. ఆ ఇంటి పాత అలవాటును బట్టి, ఈపాటికి వీళ్ళు ఒళ్ళు కడుక్కుంటుంటారులే అని తనే ఓ గీత గీసేస్తుంది. నిజం నీళ్ళకూ కాకిలెక్కకూ తెర మీద తేడా కనబడదు. కావాలంటే గీత మీద ఒక్కసారి నొక్కితే చెబుతుంది. వాళ్ళ అపార్ట్‌మెంటు మీటర్లు మొండికేయడంలో పేరు పడ్డవే. కనుక ఇంట్లోని ఆ మనిషి లేడని మిషనుకు ఇంకా తెలియలేదు. పాపం, పాత అలవాటు కొద్దీ గీస్తోంది.

ఒక్క నొక్కు. ఆ నొక్కు ఆమె నొక్కలేదు. ఆ రోజూ నొక్కలేదు, తర్వాతా నొక్కలేదు. సెలవు కూడా పెట్టలేదు. జ్వరమొచ్చినా వచ్చి కూర్చుంది. ఇంట్లో ఒకరు తగ్గారని ఆఫీసుకు రాసివ్వాలి, అలా రాసిస్తే ఆ మనిషి నీళ్ళ వాటా తెగిపోతుంది. రాసివ్వలేదు. ఆమెను అడగడానికి ఎవరికీ నోరు రాలేదు.

ఇంట్లో అత్తగారు. అత్త లేని కోడలు ఉత్తమురాలు, కోడలు లేని అత్త గుణవంతురాలు అని సామెత కట్టినవాళ్ళు ఆ ఇంటికి వచ్చి ఉండరు. ఇద్దరికీ మొదటినుంచీ పొత్తే. అతను బతికున్నప్పుడు వాళ్ళిద్దరూ ఒక జట్టు, అతనొక్కడూ ఒక జట్టు. ఇప్పుడు అవతలి జట్టులో ఎవరూ లేరు. ఇద్దరూ ఎదురెదురుగా కూర్చుని తింటారు. కూర గురించి మాట్లాడతారు, ఎండల గురించి మాట్లాడతారు, లిఫ్టు మళ్ళీ చెడిందని మాట్లాడతారు. అతని చెప్పులు గుమ్మం పక్కనే ఉన్నాయి. ఇద్దరూ వాటిని దాటుకుంటూ తిరుగుతారు, తీసేవాళ్ళు లేరు. అతని మాట ఎత్తేవాళ్ళూ లేరు.

రోజూ సాయంత్రం ఇంటికి రాగానే అత్తగారు ఒకటే అడుగుతుంది.

"ఏమ్మాయీ, ఆఫీసులో అంతా బానే ఉందా? గీతలన్నీ సరిగ్గా వస్తున్నాయా?"

"వస్తున్నాయత్తయ్యా."

"అన్నీనా?"

"అన్నీ."

"సరే, కాళ్ళు కడుక్కో. వడ్డిస్తా."

ముసలావిడకు ఏదో ఒకటి అడగాలి గనక అడుగుతోందని కోడలు అనుకుంది. అంతకు మించి అనుకునే ఓపిక ఆమెకు లేదు.

ఎండలు ముదిరాయి. ఊరికి నీళ్ళిచ్చే చెరువులో అడుగు బురద కనబడింది. ఇంటింటికీ మనిషికింత అని ఇచ్చే వాటాను కోసేశారు. ప్రతి వంటింటి గోడకూ ఓ చిన్న పెట్టె ఉంటుంది. వాటాలో ఉంటే దానిమీద పచ్చదీపం, దాటితే ఎర్రదీపం. ఎర్రదీపం పడిన ఇళ్ళకు మర్నాడు నీళ్ళు సన్నబడతాయి, నోటీసు వస్తుంది, మెట్ల మీద ఎదురైనవాళ్ళు ఓ చూపు చూస్తారు. వీళ్ళింట్లో ఎప్పుడూ పచ్చగానే ఉంది. నీళ్ళ ఆఫీసులో పనిచేసే కోడలు ఉన్న ఇల్లు, ఎర్రబడితే పరువేం కాను! కోడలు దానివైపు చూడనైనా చూడలేదు.

ఓ రోజు సూపర్‌వైజరు అందరినీ తెర ముందుకు పిలిచాడు. మనిషి చెడ్డవాడు కాదు, కానీ పైవాళ్ళు తుమ్మితే ఇతనికి జలుబు చేస్తుంది.

"కాకిలెక్కలన్నీ ఊడ్చెయ్యండి. ఈ వారంలో అయిపోవాలి. చెరువు చూశారుగా. లేని మనుషులకు వాటాలు ఇచ్చుకుంటూ కూర్చుంటే ఉన్నవాళ్ళ గొంతు తడవదు."

అనేశాక అతని చూపు ఆమె మీద పడింది. నాలుక కరుచుకున్నాడు. ఇంకేం లాభం, పెదవి దాటిన మాట. "అదే... మొత్తం ఊరి సంగతి చెబుతున్నా" అని నసిగి, ఎవరికి ఏ వీధో చదివి, చక్కా పోయాడు. వాళ్ళ అపార్ట్‌మెంటు ఉన్న వీధి ఆమెకే పడింది.

పంపు బాబాయి కుర్చీ దగ్గరికి జరుపుకున్నాడు. "అమ్మా, నీ వీధి నాకియ్యి. నాది నువ్వు చెయ్యి. లెక్కకు లెక్క సరిపోతుంది."

"వద్దు బాబాయ్."

"నా మాట వినమ్మా."

"నేనే చేస్తా బాబాయ్. నాకేం కాలేదు."

ఆ మాట నిజం. ఏమీ కాకపోవడమే ఆమె జబ్బు.

చివరి ఇంటి నుంచి మొదలుపెట్టింది. గీత మీద నొక్కడం, కాకిలెక్క అని వస్తే తుడిచెయ్యడం. ఎవరో ముసలాయన గీత పోయింది. ఎవరో వేరే ఊరికి మారిపోయిన జంట గీత పోయింది. కాకిలెక్క అనుకున్న వాటిలో కొన్ని నిజం నీళ్ళు తేలాయి, వాటిని ఉంచింది. మిగతావి ఒకదాని వెంట ఒకటి తుడిచేసింది. ఎవరి ఇంటి ఒంటెలో, ఎవరి ఇంటి గుర్రాలో, ఆమెకేం పట్టింది! తమ ఇంటిని మాత్రం పక్కన పెట్టుకుంటూ వచ్చింది. వీధిలో అన్నీ అయిపోయి అదొక్కటే మిగిలిన రోజు, పొద్దున ఒంటె లేచి పడుకునేదాకా ఆగింది. ఇది ఆఖరుసారి అనుకుంది. ఆ గీత పోతే రేపట్నుంచి పొద్దున లేచి దేనికోసం రావాలో ఆమెకు తెలియదు. తాను నిలబడి ఉన్నది దాన్ని పట్టుకునే అని ఆమెకు బాగా తెలుసు. తెలిసీ వేలు గీత మీద పెట్టి నొక్కింది.

నిజం నీళ్ళు.

మళ్ళీ నొక్కింది. మీటరు శుభ్రంగా పలుకుతోంది. నిన్నటిది చూసింది, మొన్నటిది చూసింది, తాను మళ్ళీ డ్యూటీలో చేరిన రోజుదాకా వెనక్కి వెళ్ళింది. ఒక్క రోజు కూడా కాకిలెక్క కాదు. ఆమె డ్యూటీకి వచ్చేసిన తర్వాత, అదే స్నానాల గదిలో, అదే షవర్ నుంచి, రోజూ నీళ్ళు పడుతున్నాయి. కాసేపు పడి, ఆగి, మళ్ళీ పడి.

చెబితే నవ్వుతారు గానీ, ఆమెకు మొదట తట్టింది అతను ఉన్నాడనే. దెయ్యమని కాదు, దేవుడని కాదు. ఉన్నాడు, రోజూ స్నానం చేస్తున్నాడు, తాను డ్యూటీలో ఉండటం వల్ల చూడలేకపోతోంది, అంతే. ఆ ఊహ వచ్చి ఎంతసేపు ఉందో గానీ, ఉన్నంతసేపూ ఆమెకు హాయిగా ఉంది. తర్వాత అది దానంతటదే పోయింది. అది పోయాక, ఆ ఇంట్లో ఉండే రెండో మనిషి గుర్తొచ్చింది.

వంటింటి పక్కన ఇంకో చిన్న స్నానాల గది ఉంది. అది అత్తగారిది. దానికి వేరే మీటరు. ఇన్నాళ్ళుగా ఆమె దాన్ని తెరిచి చూడలేదు. ఎందుకు చూస్తుంది, ఆమెకు కావలసింది ఒకటే గీత. ఇప్పుడు తెరిచింది. వాటా కోసిన నాటి నుంచి ఆ గీత సన్నబడి సన్నబడి దారంలా అయింది. ఆ నీళ్ళతో ముఖం కడుక్కోవచ్చు, పళ్ళు తోముకోవచ్చు. ఒంటిమీద పోసుకోవడానికి చాలవు.

ఆ సాయంత్రం ఇంటికి వెళ్ళి అత్తగారి వైపు చూసింది. ఎన్నాళ్ళకు చూసిందో! జుట్టు అట్టకట్టి ఉంది. మెడ దగ్గర చెమటకాయలు ఎర్రగా పేలి ఉన్నాయి. దగ్గరికి వస్తే ఎండిన చెమట వాసన. రోజూ ఎదురుగా కూర్చుని తింటున్న మనిషే.

"ఏమ్మాయీ, గీతలన్నీ వస్తున్నాయా?"

"వస్తున్నాయత్తయ్యా" అంది ఆమె.

మర్నాడు ఎప్పటిలాగే తయారై బయల్దేరింది. కిందికి దిగి, సైకిళ్ళ షెడ్డులో నిలబడి, బాబాయికి ఫోన్ చేసి ఆలస్యమవుతుందని చెప్పింది. కాసేపాగి మెట్లెక్కి వచ్చి, తన తాళంతో చప్పుడు కాకుండా తలుపు తీసింది.

షవర్ పడుతోంది.

స్నానాల గది తలుపు బార్లా తీసి ఉంది. గుమ్మంలో ప్లాస్టిక్ స్టూలు వేసుకుని అత్తగారు కూర్చుని ఉంది. ఒక చెయ్యి చాపి కుళాయి మీద ఉంచింది. ఆ చెయ్యి మోచేతిదాకా తడిసింది. మిగతా మనిషి పొడిగా ఉంది. నీళ్ళు ఎవరి మీదా పడకుండా నేల మీద పడి జాలీలోకి పోతున్నాయి. కాసేపటికి ఆవిడ కుళాయి కట్టేసి, తనలో తను గొణుక్కుంది.

"ఇప్పుడు సబ్బు రుద్దుకుంటాడు."

"అత్తయ్యా."

ఆవిడ ఉలిక్కిపడి తిరిగింది. దొంగతనం చేస్తూ దొరికిన పిల్లలా చేతిని ఒళ్ళోకి లాక్కుంది.

"ఏమ్మా, డ్యూటీ లేదా?"

"ఉంది."

"మరి అక్కడెవరు చూస్తున్నారు?"

"బాబాయి ఉన్నాడు."

"అయితే నువ్వు చూడట్లేదు" అంది అత్తగారు. కుళాయి వైపు చూసింది. "మరి రెండోది విప్పనా, వద్దా?"

ఆమె గోడకు ఆనుకుని నేల మీద కూర్చుంది. ఇద్దరి మధ్యా తడి నేల.

"మధ్యలో ఆపాలని మీకెలా తెలుసు?"

"నేర్పింది నేనే కదే. సబ్బు రుద్దుకునేటప్పుడు నీళ్ళు కట్టెయ్యరా, ఊరికే పోతాయి అని చిన్నప్పుడు వీపు మీద ఒక్కటిచ్చా. అప్పట్నుంచీ కట్టేసేవాడు." అని జాలీ వైపు చూసింది. "ఇవీ ఊరికే పోవులే. కింద తోటలో చెట్లకి పోతాయి. వాడే చెప్పాడు."

"ఎందుకత్తయ్యా ఇదంతా?"

ఆవిడ తడి చేతిని పొడి చేత్తో రుద్దుకుంది.

"నువ్వు మళ్ళీ పనిలోకి పోతానన్నప్పుడు భయమేసిందే నాకు. ఏడవ్వు, అరవ్వు. పెడితే తింటావు, పడుకోమంటే పడుకుంటావు. నీకింకా పూర్తిగా తెలీలేదేమో అనిపించింది. అక్కడ కూర్చుంటే ఆ తెరమీద వాడిది రాదు కదా. వాడు లేడని ఆ మిషనుకు తెలిస్తే నీకూ తెలిసిపోద్దనుకున్నా. తెలిశాక నువ్వేమైపోతావో! కొన్నాళ్ళు నడిపి, మెల్లిగా మానేద్దామనుకున్నా. సాయంత్రం వచ్చి గీతలన్నీ వచ్చాయని చెప్పేదానివి. నీ మొహంలో ఆ ఒక్క మాటప్పుడే కాస్త ప్రాణం ఉండేది. ఎట్లా మానను?"

"నేను కాకిలెక్క అనుకున్నా."

"అదేంటి?"

"ఏం లేదులెండి." ఆమె గొంతు మామూలుగానే ఉంది. "మరి మీరు స్నానం ఎందుకు మానేశారు?"

"మానెయ్యలేదే, గుడ్డ తడిపి తుడుచుకుంటున్నా. ముసల్దాన్ని, నాకేం మురికి? వాటా కోశాక వాడి స్నానానికి చాలట్లేదు. ఆ పెట్టె ఎర్రబడితే ఆఫీసులో నీకు మాటొస్తుందని..."

"ఈ షవర్ కింద మీరే నిలబడొచ్చు కదా!"

"వాడి నీళ్ళు కదే అవి" అంది అత్తగారు, అంత చిన్న సంగతి తెలియదా అన్నట్టు.

ఆమెకు సిగ్గేసింది. ఇన్ని నెలల్లో ఆమెకు గట్టిగా తగిలింది అదొక్కటే. దుఃఖం రాలేదు, ఏడుపు రాలేదు. సిగ్గు మాత్రం మెడ నుంచి చెవులదాకా కాలుతూ వచ్చింది. పోయిన మనిషి గీత కోసం రోజూ కుర్చీ అంచున కూర్చుంది. ఉన్న మనిషి గీత పక్కనే ఎండిపోతుంటే తల తిప్పలేదు. ఊరంతటి నీళ్ళూ చూస్తానని జీతం తీసుకుంటూ, సొంత ఇంట్లో ఎవరు తడిశారో ఎవరు తడవలేదో చూసుకోలేకపోయింది.

లేచి, అల్మారాలోంచి పొడి తువ్వాలు తెచ్చి తలుపు మీద వేసింది. వంగి అత్తగారి చెయ్యి పట్టుకుంది. స్టూలు మీద నుంచి లేపి, షవర్ కిందికి నడిపించింది.

"స్నానం చెయ్యండి. ఇవాళ్టి నుంచి ఇవి మీ నీళ్ళు."

"వద్దే, వాడి వాటా..."

"ఆయన లేరత్తయ్యా."

ఆ మాట ఆ ఇంట్లో అంతవరకూ ఎవరూ అనలేదు. అన్నాక ఏదో అవుతుందనుకుని ఆమె కాసేపు అలాగే నిలబడింది. అత్తగారు తలెత్తి ఆమె మొహంలోకి చూసింది. అక్కడ ఏం కనబడిందో, ఆవిడ భుజాలు ఒక్కసారిగా కిందికి దిగాయి.

"లేడమ్మా" అంది. "నువ్వు అనేదాకా నేను అనకూడదని ఊరుకున్నా."